పైమెరుగు

మన భాషలో ‘పైమెరుగు’ అన్నది మెచ్చుకోలు మాట కాదు. లోపల సరుకు లేక పైన ఆర్భాటం వుంటే ‘అంతా పైమెరుగులే’ అని పెదవి విరుస్తాము. ఈ నెల ‘బ్రతుకు తెరువులు’ శీర్షికలో ఆ పైమెరుగు పెట్టడమే వృత్తిగా గలవారిని గురించి వ్రాస్తున్నాను. వారు మెరుగు పెట్టేది వెండి గిన్నెలకు కాదు, బీరువాలకు కాదు, పడవలకు. పడవను కడిగి, మరకలు తీసి, రుద్ది, మైనం పట్టించి యజమానికి అప్పగించడం వారి పని. మన బొంబాయి రేవులో ఈ పని చేసి పొట్టపోసుకునేవారు కొందరున్నారు. వారిలో మనవారి పిల్లలూ వున్నారు.

దీన్ని గురించి వ్రాయడానికి కారణం చెబుతాను. మా చాల్లో ఒక కుటుంబం వుంది. మూడు తరాల కిందట పాలమూరు నుంచి వచ్చినవారు. తాత బట్టల మిల్లులో పనిచేసి, 1982 సమ్మె తరువాత ఇంట కూర్చున్నాడు. తండ్రి ఒక ఆఫీసులో ప్యూను. కొడుకు పన్నెండో తరగతి అయినాక రెండేళ్ళుగా పడవలు శుభ్రం చేయించే ఒక కాంట్రాక్టరు దగ్గర వున్నాడు. ఒకనాటి సాయంత్రం తండ్రి నాతో అన్న మాట ఇది: “అన్నా, నేను ఆఫీసులో బల్లలు తుడిచిన. వీడు రేవులో పడవలు తుడుస్తున్నాడు. తరం మారినట్టా, మారనట్టా?”

తల్లి బాధ వేరు. “పని ఏదైతేనేం అన్నా! చొక్కా దులిపితే తెల్లటి పొడి రాలుతది. రాత్రయితే ఒకటే దగ్గు. అడిగితే ఏం లేదంటడు. నువ్వు చదువుకున్నోడివి, ఒకసారి పోయి చూసిరా” అన్నది.

ఆఫీసులో ఫైళ్ళు తిప్పే నాకు పడవల సంగతి ఏమి తెలుస్తుంది? అయినా అడిగినవారు ఇరుగుపొరుగువారు. మజగావ్ వైపు వున్న ఆ చిన్న యార్డుకు మూడు ఆదివారాలు వెళ్ళి చూచాను. అక్కడి ముకాదం కొంకణంవాడు, వయసు మళ్ళినవాడు. నాకు మరాఠీ వచ్చును గనుక ఓపికగా చెప్పాడు. కొంత అతని దగ్గర విన్నది, కొంత చదివి తెలుసుకున్నది కలిపి చదువరుల ముందు పెడుతున్నాను.

ముందుగా పడవ చర్మం సంగతి తెలియాలి. ఇప్పటి విహారపు పడవలలోనూ, చేపల పడవలలోనూ చాలా భాగం ఫైబర్ పడవలు. గాజును కరిగించి దారాలుగా తీసి, ఆ దారాలతో చేసిన పట్టాలను జిగురువంటి రెజిన్‌తో తడిపి, ఒకదానిమీద ఒకటి అంటించి గట్టిపరుస్తారు. ఇందులో వింత ఏమంటే, కర్ర పడవ లోపలి ఎముకలనుంచి బయటికి పెరిగితే, ఫైబర్ పడవ బయటినుంచి లోపలికి పుడుతుంది. ముందు పడవ ఆకారంలో ఒక అచ్చు వుంటుంది. ఆ అచ్చు లోపలి గోడలకు, పడవ అంటుకుపోకుండా, మైనం పట్టిస్తారు. దానిమీద రంగు కలిపిన చిక్కటి రెజిన్ పూత పూస్తారు. దీన్నే జెల్‌కోటు అంటారు. ఆ పూత గట్టిపడుతూ వుండగానే దానిమీద గాజు పట్టాలు పరుస్తూ పోతారు. అంతా ఆరినాక అచ్చునుంచి విడదీస్తే, మొట్టమొదట పూసినది అన్నిటికన్నా పైకి వస్తుంది. అంటే ఫైబర్ పడవ మైనం ఒడిలోనే పుడుతుందన్న మాట.

ఆ జెల్‌కోటు మందం ఎంతనుకున్నారు? సుమారు అర మిల్లీమీటరు. రెండు మూడు పోస్టుకార్డులు ఒకదానిమీద ఒకటి పెట్టినంత. పడవ తెల్లగా, నున్నగా కనిపించడానికీ, గాజు నారలోకి నీరు చేరకుండా వుండడానికీ ఆ కాస్త పూతే ఆధారం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాన్ని ఏళ్ళ తరబడి కొరుకుతూ వుంటాయి. మెరుపు పోయి మొదట మసకబారుతుంది, తరువాత సున్నం గోడలా పొడి రాలుతుంది. ముకాదం నా చేయి పట్టుకుని, నాలుగేళ్ళుగా ఎవరూ చూడని ఒక పడవ పక్కకు రుద్దించాడు. అరచేయి తెల్లబడింది. “ఈ తెలుపు పడవదే సాహెబ్. పడవ తనను తాను పొడి చేసుకుంటున్నది” అన్నాడు.

కనుక మైనం ముస్తాబు కోసం పూసేది కాదు. ఎండ ముందు మైనాన్ని తినాలి, మైనం అయిపోయినాకనే చర్మం జోలికి పోవాలి. ఇదీ ఆ పనిలోని మర్మం. గొడుగు మనకెట్లాగో మైనం పడవకట్లాగు. గొడుగు పాతబడితే మార్చుకుంటాము. అట్లాగే మైనాన్ని కొన్ని నెలలకొకసారి మళ్ళీ పట్టించాలి. మన దేశపు ఎండకు అది త్వరగానే కరిగిపోతుంది.

పూర్వం కర్ర పడవలకు మాత్రం ఈ పూతల చాకిరీ లేదా అంటే, ఇంతకన్నా ఎక్కువే వుండేది. పలకల సందుల్లో నార దట్టించి, గుగ్గిలం నూనెతో కాచి పూసేవారు. చేపనూనె, జీడిగింజల పెంకు నూనె, తారు పట్టించేవారు. లేకపోతే సముద్రంలో కర్రను తొలిచే పురుగు, నిజానికి అది పురుగు కాదు, ఆల్చిప్ప జాతి ప్రాణి, లోపల గుల్ల చేసి వదిలేది. ఆ బాధకే ఇంగ్లీషు నౌకాదళంవారు 1761లో ‘అలారం’ అనే ఓడ అడుగుకు రాగి రేకు తాపించి చూచారు. మంచి కర్ర, మంచి పోషణ కలిస్తే ఓడ ఎంతకాలం నిలుస్తుందో చెప్పడానికి మన బొంబాయిదే ఉదాహరణ వున్నది. వాడియాల ఆధ్వర్యంలో ఇక్కడ టేకుతో కట్టి 1817లో నీటిలోకి దించిన ‘ట్రింకోమలీ’ అనే యుద్ధనౌక ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో నేటికీ తేలుతూనే వున్నది. రెండు వందల యేళ్ళు దాటింది. ఆ ఓడను కట్టినవారి పేరు మనకు తెలుసు. దాన్ని తుడుస్తూ, పూస్తూ, బాగుచేస్తూ వచ్చినవారి పేర్లు ఎవరూ వ్రాసిపెట్టలేదు.

తూర్పు తీరంలో ఫైబర్ పడవలు వచ్చి ఇంకా ఎక్కువ కాలం కాలేదు. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థవారు 1979లో మద్రాసు కేంద్రంగా బంగాళాఖాతం కార్యక్రమం మొదలుపెట్టి, 1980ల దశకంలో ఇసుక రేవుల్లో దిగగల ఫైబర్ పడవలను చేయించి చూచారు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత పోయిన తెప్పలకు, నావలకు బదులుగా ఫైబర్ పడవలు విరివిగా వచ్చాయి. పూరీ పెంటకటలో స్థిరపడిన మన మత్స్యకారులు మొదలు యానాం దాకా నేడు వాడుతున్నవి ఎక్కువగా ఇవే. వారికి పనికివచ్చే మాటలు చివర చెబుతాను.

ఇక పని వరస. బొంబాయిలో వానలు రాకముందే విహారపు పడవలను గట్టెక్కిస్తారు. గేట్‌వే నుంచి మాండ్వా పోయే లాంచీలు కూడా వర్షాకాలంలో నిలిచిపోతాయి గదా. గట్టెక్కిన పడవలు అక్టోబరు ముందర మళ్ళీ నీటిలోకి దిగుతాయి. ఆ మధ్య కాలమే ఈ పనివారికి రాబడి కాలం.

మొదటి మెట్టు మంచినీటితో కడగడం. ఉప్పు ఎండితే స్ఫటికాలవుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే ఆ ఉప్పే గీతలు పెడుతుంది. కనుక ముందు నీరు ధారగా పోయాలి, తరువాతనే గుడ్డ ముట్టాలి. సబ్బు మెత్తటిది కావాలి. అంట్లు తోమే సబ్బునీళ్ళు జిడ్డుతోపాటు పాత మైనాన్ని కూడా లాగివేస్తాయి. పైనుంచి కిందికి, అణియం నుంచి అమరం దాకా, అంటే ముందు కొసనుంచి వెనుక కొసదాకా, ఒక వరసలో కడుగుతారు. ఇల్లు ఊడ్చే ఆడవారికి ఈ వరస ఒకరు చెప్పనక్కరలేదు.

రెండవది మరకలు. నీటి మట్టం తగిలేచోట పసుపుపచ్చని చార ఏర్పడుతుంది. దానికి ఆక్సాలిక్ ఆమ్లం కలిసిన ద్రావకం పూసి, కాసేపు ఆగి, సమృద్ధిగా నీళ్ళు పోసి కడిగితే పోతుంది. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. ఇక్కడ ఒక హెచ్చరిక, ఇంట్లో స్నానాలగది కడిగేవారికి కూడా పనికివస్తుంది: ఆమ్లమూ బ్లీచింగూ ఎన్నడూ కలపరాదు. కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది.

మూడవది రుద్దడం. పనితనమంతా ఇక్కడే వున్నది. పొడిబారిన పై పొరను మెత్తటి రాపిడి ముద్దతో, తిరిగే యంత్రానికి ఉన్ని చక్రం తగిలించి రుద్దుతారు. ఆ ముద్దనే కాంపౌండు అంటారు. బాగా పాడైనచోట ముందు నీళ్ళతో తడిపిన గరుకు కాగితం వాడతారు. వెయ్యి నంబరుతో మొదలుపెట్టి, పదిహేను వందలు, రెండు వేలు, ఇట్లా నంబరు పెరుగుతూపోతే గరుకు తగ్గుతూపోతుంది. ఒకేసారి పెద్ద మేర పట్టుకోరాదు. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు చతురం ముగించి పక్కదానికి పోవాలి. యంత్రాన్ని ఒకచోట నిలిపితే వేడెక్కి పూత కాలుతుంది. అంచుల దగ్గర, మూలల దగ్గర పూత పలచన. అక్కడ ఒక్క క్షణం ఎక్కువైతే లోపలి గాజునార బయటపడుతుంది.

నేను చూస్తూ వుండగా మా చాల్ అబ్బాయి ఒక పడవ పక్కను రుద్దుతున్నాడు. మధ్య మధ్య యంత్రం ఆపి, పక్కకు వంగి, వెలుతురు ఎట్లా పడుతున్నదో చూస్తున్నాడు. “ఇంకొంచెం రుద్దితే ఇంకా మెరుస్తుంది గదా బిడ్డా, ఎందుకు ఆపావు?” అని అడిగాను.

“మెరుస్తది చిన్నాయనా. కాని రుద్దిన ప్రతిసారీ పడవ కొంచెం తక్కువైతది. ఈ పడవ ఇంకా ఇరవై యేండ్లు బతకాలె. మెరుపంతా ఈ ఏడే గుంజుకుంటే ఎట్లా?” అన్నాడు.

ఆ మాట విన్నాక వాడు చేసేది కూలి కాదు, విద్య అని నాకు తోచింది. ఎంత తీయాలో తెలియడంకన్నా ఎక్కడ ఆపాలో తెలియడం కష్టం. ఇది కంసాలికీ తెలుసు, మంగలికీ తెలుసు, వంట చేసే ఇల్లాలికీ తెలుసు.

నాలుగవది మైనం. అన్ని మైనాలలోకి గట్టిది బ్రెజిల్ దేశపు ఈశాన్య ప్రాంతంలో పెరిగే కార్నౌబా అనే తాటిజాతి చెట్టు ఆకులమీద పుట్టేది. అక్కడి ఎండకాలంలో ఆకులోని తడి ఆవిరైపోకుండా చెట్టు తనకు తాను పూసుకునే పూత అది. ఆకులు కోసి, ఎండబెట్టి, కొట్టి ఆ పొడిని రాలుస్తారు. తేనె మైనం 62, 64 డిగ్రీలకే కరిగితే ఇది 80 డిగ్రీలు దాటితే గాని కరగదు. దీన్ని ఇతర నూనెలతో మెత్తబరచి పడవలకూ కార్లకూ పూస్తారు. ఈనాడు రసాయనశాలలలో చేసిన పూతలు కూడా వచ్చాయి; అవి ఇంకొంత కాలం నిలుస్తాయి. ఏదైనా పద్ధతి ఒకటే. పలచగా పూయాలి, మసకబారేదాకా ఆగాలి, మెత్తటి గుడ్డతో తీసివేయాలి. దట్టంగా పూస్తే లాభం లేదు, చేతులు నొప్పి. మండుటెండలో పూయరాదు, ఆరిపోయి అట్టకడుతుంది. ప్రొద్దున్నే గాని, నీడలో గాని చేయవలెను. మైనం పట్టిన పడవమీద నీరు పోస్తే తామరాకు మీద బొట్లలా నిలిచి జారిపోతుంది. ఆ బొట్లు నిలవకుండా నీరు పరుచుకుపోతే మైనం అయిపోయిందని గుర్తు.

మైనం ఎక్కడ పూయరాదో కూడా తెలిసి వుండాలి. మనుషులు నడిచే పైతట్టు మీద పూస్తే కాలు జారి నీళ్ళలో పడతారు. నీటిలో మునిగి వుండే అడుగు భాగానికీ మైనం పనికిరాదు. అక్కడి శత్రువు ఎండ కాదు, ప్రాణులు. నాచు, గవ్వల్లాంటి బార్నకిళ్ళు అంటుకుంటాయి. బార్నకిల్ చూడటానికి గవ్వలా వున్నా రొయ్యకూ పీతకూ బంధువు. పిల్లగా వున్నప్పుడు నీటిలో తిరిగి, తలవైపునుంచి ఒక జిగురు వదిలి అంటుకుని, ఇక జన్మలో కదలదు. డార్విన్ పండితుడు 1846 నుంచి ఎనిమిదేళ్ళు ఈ ప్రాణిని గురించే శ్రమించాడంటే దాని చరిత్ర ఎంతటిదో చూచుకోండి. అడుగు గరుకైతే పడవ వేగం తగ్గి, డీజిలు ఖర్చు పెరుగుతుంది. కనుక అడుగుకు, ప్రాణులు అంటకుండా రాగి కలిసిన ప్రత్యేకమైన రంగు వేస్తారు. పూర్వం తగరం కలిసిన ఒక విషపు రంగు వాడేవారు. అది నత్తలనూ ఆల్చిప్పలనూ పాడుచేస్తున్నదని తేలి, 2001లో దేశాలన్నీ కలిసి ఒప్పందం చేసుకున్నాయి. 2008 సెప్టెంబరు 17 నుంచి ఆ నిషేధం అమలులోకి వచ్చింది. ఇప్పుడు వాడే రాగి రంగు పొడి కూడా మనిషి ఊపిరికి మంచిది కాదు. దాన్ని పొడిగా గీకరాదు, తడిపి గీకాలి. గీకిన చెత్తను నీటిలోకి నెట్టరాదు.

మిగిలినవి చిన్న పనులు. ఇత్తడికి ఇత్తడి పాలిషు, స్టీలుకు మంచినీరు, మెత్తటి గుడ్డ. టేకు పలకలను నారకు అడ్డంగా మెత్తని బ్రష్‌తో తోమాలి. నార వెంబడి గట్టిగా తోమితే మెత్తటి భాగం పోయి గాడులు పడతాయి. ప్లాస్టిక్ కిటికీలకు అమ్మోనియా వున్న ద్రావకం తగలరాదు, పగుళ్ళు వస్తాయి. కర్రకు పూసే ఆరుడు నూనెల గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడవేయరాదు; తమంతట తాము వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరవేయాలి, లేదా నీళ్ళలో ముంచి వుంచాలి. ఇంట్లో తలుపులకు అవిసె నూనె పూసుకునేవారు కూడా ఇది గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు తల్లి భయం సంగతి. ఆమె భయం నిజమే. రుద్దేటప్పుడు లేచే తెల్లపొడిలో రెజిన్ ధూళి వుంటుంది, లోపలిదాకా పోతే గాజు ముక్కలూ వుంటాయి. అబ్బాయి ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని చేస్తున్నాడు. రుమాలు పెద్ద దుమ్మును ఆపుతుంది, సన్న దుమ్మును ఆపదు. సన్నదే ఊపిరితిత్తుల అడుగుకు పోతుంది. దుమ్ముకు కనీసం ఎన్-95 రకం ముసుగు, ముఖానికి బిగుతుగా కూర్చునేది కావాలి. రంగులూ, ద్రావకాలూ వాడేటప్పుడు అది కూడా చాలదు. ఆవిరులను పట్టే డబ్బాలు తగిలించిన ముసుగు వేరే వున్నది. కాంట్రాక్టరును అడిగితే “వచ్చే నెల చూద్దాం” అంటున్నాడట. రెండేళ్ళుగా ఆ వచ్చే నెల రాలేదు. పడవ చర్మం కాపాడడానికి వేలకు వేలు తీసుకునే మనిషి, దాన్ని కాపాడే కుర్రవాడి ఊపిరికి కొద్ది రూపాయలు లెక్కచూస్తున్నాడు.

నేను తల్లిదండ్రులకు చెప్పినది ఇది. పని మానిపించవద్దు, ముసుగు లేకుండా మాత్రం ఒక్కరోజు పంపవద్దు. కాంట్రాక్టరు కొనకపోతే మనమే కొందాము. దగ్గు మూడు వారాలు దాటింది గనుక ముందు డాక్టరుకు చూపించండి. ఏ పని చేస్తున్నాడో, ఏ పొడి పీలుస్తున్నాడో డాక్టరుకు తప్పక చెప్పండి. చెప్పకపోతే ఆయనకు మాత్రం ఎట్లా తెలుస్తుంది? ఇంకొక సంగతి, రేవులో కరెంటు యంత్రం తడినేల మీద నడుస్తుంది. కరెంటు లీకైన క్షణంలో తెంచే రక్షణ స్విచ్చి లేని తీగకు యంత్రం తగిలించరాదు.

తరువాత డబ్బు సంగతి. ఈ పనిలో కూలి సాధారణంగా పడవ పొడవునుబట్టి, అడుగుకు ఇంత అని మాట్లాడుకుంటారు. కాని ముప్ఫై అడుగుల పడవలు రెండున్నాయనుకోండి. ఒకటి ఏటేటా మైనం పట్టినది, ఒకటి నాలుగేళ్ళుగా ఎండిపోయినది. మొదటిది ఇద్దరు మనుషులకు కొద్దిరోజుల పని. రెండవదానికి గరుకు కాగితం, కాంపౌండు, పాలిషు, మైనం అన్నీ కావాలి. అడుగు లెక్కన ఒకటే ధర చెబితే పనివాడు మునుగుతాడు. కనుక చేతితో రుద్ది చూడనిదే ధర చెప్పరాదు. ముందే ఫొటోలు తీసి పెట్టుకోవాలి, లేకపోతే పాత గీతలన్నీ మనమీద పడతాయి. ఏది చేస్తామో, ఏది చేయమో కాగితంమీద వ్రాసి యజమాని సంతకం తీసుకోవాలి. పగుళ్ళను మైనం పూడ్చదు, ఆ మాట ముందే చెప్పాలి. ఇవన్నీ గుమాస్తా బుద్ధులు అనుకుంటారేమో! రేవులోనైనా ఆఫీసులోనైనా కాగితం లేని మాటకు చెల్లుబాటు తక్కువ. అబ్బాయి ముందుముందు సొంతంగా చేయదలచుకుంటే, చిన్న పరిశ్రమలకు 2020 నుంచి వున్న ‘ఉద్యమ్’ నమోదు ఉచితంగానే దొరుకుతుంది. సేవా వృత్తులవారు కూడా అందులో చేరవచ్చును.

తూర్పు తీరపు చదువరులకు కొన్ని మాటలు. చేపల పడవకు అద్దంలాంటి మెరుపు అవసరం లేదు, నిజమే. అయితే దాని చర్మమూ అదే అర మిల్లీమీటరు. వేట నుంచి వచ్చినాక ఇసుకమీద ఈడ్వడంలోనూ, లంగరు తగలడంలోనూ పూత లేచిపోతుంది. అక్కడినుంచి నీరు గాజునారలోకి దిగి, పడవ లోలోపల బలహీనమవుతుంది. తూర్పు తీరంలో యాంత్రిక పడవలకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం వున్నది గదా. రంగులకూ మరమ్మతులకూ ఆ రోజులే వీలు. దెబ్బతిన్న చోటు ముందు మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఆ తరువాతనే రెజిన్, జెల్‌కోటు వేయించాలి. తడిమీద వేసిన పూత తడిని లోపల బంధిస్తుంది, అంతే. వాడని రోజుల్లో పడవమీద తాటాకు పందిరి గాని, టార్పాలిన్ గాని వుంటే సగం రక్షణ. ఇందుకు డబ్బు ఖర్చు తక్కువ, శ్రద్ధే ఎక్కువ కావాలి.

చివరకు తండ్రి అడిగిన ప్రశ్నకు వస్తాను. తుడిచే పని తక్కువ పని అన్న భావం మనలో పాతుకుపోయింది. అది పనివల్ల వచ్చినది కాదు. తుడిచేవారిని మనం చూచిన చూపువల్ల వచ్చినది. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ‘తారిణి’ అనే తెరచాప పడవలో మన నౌకాదళపు మహిళా అధికారులు ఆరుగురు భూప్రదక్షిణకు బయలుదేరి, 2018 మే 21న తిరిగివచ్చారు. వారిలో విశాఖపట్నం ఆడపడుచు పి. స్వాతి, హైదరాబాదు ఆడపడుచు బొడ్డపాటి ఐశ్వర్య వున్నారని మనమంతా గర్వపడ్డాము. 56 అడుగుల ఆ పడవలో వున్నది ఆ ఆరుగురే. చుక్కాని పట్టిందీ వారే, వండుకున్నదీ వారే, కడిగి తుడిచి చెడినది బాగుచేసుకున్నదీ వారే. నడిసముద్రంలో ప్యూను వుండడు, మేనేజరు వుండడు. పడవను ఎవరు బాగా చూచుకుంటే వారే దానికి యజమాని.

తండ్రితో ఈ మాటే అన్నాను. “నువ్వు తుడిచిన బల్ల నీది కాదు, దానిమీద నీకు చెప్పే హక్కు లేదు. నీ కొడుకు ఎక్కడ రుద్దాలో, ఎక్కడ ఆపాలో తానే నిర్ణయిస్తున్నాడు. అతను ‘ఇక చాలు’ అంటే పడవ యజమాని కూడా మాట వినవలసిందే. తరం మారినట్టే” అన్నాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. “ప్యూను పనికి పెన్షను వుంది గదా అన్నా” అన్నాడు. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. ముసుగుకు మాత్రం మరునాడే డబ్బులిచ్చాడు. డాక్టరు చూచి, ఫొటో తీయించి, ప్రస్తుతానికి భయం లేదు గాని దుమ్ము తగలరాదని చెప్పారు.

‘పైమెరుగు’ అన్న మాటను తేలికగా వాడవద్దని చదువరులకు నా మనవి. లోపలి సరుకును దాచే మెరుగు ఒకటి, లోపలి సరుకును కాచే మెరుగు ఒకటి. రెండవది పెట్టేవారి చేతులు గరుకుగా వుంటాయి.

యానాం, పూరీ, రాయపురం ప్రాంతాల చదువరులు తమ ఇళ్ళలో పూర్వం పడవలకు ఏమేమి పూసేవారో, ఏ పాళ్ళలో కలిపేవారో పెద్దలనడిగి వ్రాసి పంపితే ఈ శీర్షికలోనే అచ్చు వేయిస్తాను. వచ్చే నెల గొడుగులు బాగుచేసేవారిని గురించి.